చెవి చెప్పే అబద్ధం

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి టక్కున ఆగితే మనం కదలకుండానే ఉంటాం, ఇల్లు మాత్రం తిరుగుతుంది. చెవి లోపలి సన్నని గొట్టాల్లో ఉన్న ద్రవం ఇంకా ఆగలేదు, అందుకని. కాసేపు గోడ వంక చూస్తే సర్దుకుంటుంది. మరి చూడటానికి గోడే లేకపోతే? చీకటి, మబ్బు, కింద ఒక్క దీపం లేదు, ఆకాశం ఎక్కడ ముగిసిందో నేల ఎక్కడ మొదలైందో తెలీదు... అప్పుడు చెవి చెప్పిందే నమ్ముతాం. రాత్రిపూట చిన్న విమానం నడిపేవాళ్ళ విషయంలో నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే.

1999 జూలై 16. అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు, జాన్ కెనెడీ జూనియర్, 38 ఏళ్ళ మనిషి. మర్నాడు బంధువుల పెళ్ళి. భార్యనీ, ఆమె అక్కనీ ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి సొంత విమానంలో బయల్దేరాడు, అప్పటికే రాత్రి 8 గంటల 38 నిమిషాలు. శిక్షకుడు ఒకాయన నేనూ తోడు వస్తానన్నాడు. వద్దు, ఒంటరిగానే నడుపుతానన్నాడు కెనెడీ. దాదాపు 300 గంటలు నడిపిన అనుభవం ఉంది, కానీ బయటికి చూడకుండా కేవలం మీటర్లు చూసి నడిపే అర్హత ఇంకా రాలేదు. ఆ రాత్రి తుఫాను లేదు, వాన కూడా లేదు, ఉన్నదల్లా మసక. తీరం వదిలి సముద్రం మీదికి వెళ్ళాక ఆ మసకలో నీళ్ళూ ఆకాశం ఒకటైపోయాయి. విమానం కుడివైపు ఒరుగుతూ, సుడి తిరుగుతూ, రాను రాను వేగంగా కిందికి పోయింది. ముగ్గురూ చనిపోయారు. విమానంలో లోపమేమీ కనిపించలేదని దర్యాప్తులో తేలింది. మీటర్లు నిజమే చెబుతున్నాయి. చెవి చెప్పలేదు.

1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు మీటర్లు చూసి నడిపే శిక్షణ లేని 20 మందిని, బయట ఏమీ కనిపించకుండా చేసి, విమానం నడపమన్నారు. ఇరవైమందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు! పక్కన శిక్షకుడు ఉన్నాడు కాబట్టి బతికారు.

నేను బేగంపేట వైపు వెళ్ళినప్పుడల్లా చిన్న శిక్షణ విమానం కనిపిస్తుందేమోనని తలెత్తి చూస్తాను, ఆ ముచ్చట నాకు ఇప్పటికీ తీరలేదు. మన దేశంలో కళ్ళతో చూసి నడిపే విమానాలు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, పొద్దు గూకిన 20 నిమిషాల తర్వాత ఎగరకూడదు. మంచి రూలు. కానీ హైదరాబాద్‌లో వానాకాలం సాయంత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసు, నాలుగింటికి ఎండ, ఐదింటికల్లా ఉరుములు, రూలు చెప్పే చీకటి కంటే ముందే చీకటి పడిపోతుంది.

అందుకే ఒక్క మాట చెబుతాను, నడిపేవాళ్ళకి కాదు, పక్కన కూర్చునే వాళ్ళకి. చుట్టమో స్నేహితుడో ఎప్పుడైనా చిన్న విమానంలో తీసుకెళ్తానంటే, ఎక్కకముందే, ఇంకా నేలమీద ఉండగానే, "రేపు వెళ్దామన్నా నాకు పర్లేదు" అని పైకి చెప్పండి. ముహూర్తం దాటిపోతుందని, అవతల అందరూ ఎదురు చూస్తున్నారని మీరు టెన్షన్ పడుతుంటే, వెనక్కి తిప్పుదామని ఉన్నా ఆయన నోరు విప్పలేడు. దారిలో మబ్బు కమ్మితే మళ్ళీ చెప్పండి, "వెనక్కి వెళ్ళిపోదాం, పెళ్ళికి ఆలస్యమైనా ఏం కాదు" అని.