నమ్మదగిన సాక్షి, నిలవని శిక్ష

నమస్కారం. ఆస్ట్రేలియాలో పిల్లలపై లైంగిక దాడి కేసులో సాక్షిని కళ్ళారా చూసి, విని, నమ్మి తీర్పు చెప్పేది జ్యూరీ, అంటే అందుకోసం ఎంపిక చేసిన సామాన్య పౌరుల బృందం. ఆ నమ్మకాన్ని పైకోర్టు ఎంతవరకు తిరగదోడవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి, ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు, క్యాథలిక్ చర్చి ఉన్నత మతాధికారి కార్డినల్ జార్జ్ పెల్ కేసులో 2020 ఏప్రిల్ 7న ఇచ్చిన తీర్పును చూద్దాం.

1996 డిసెంబరులో, అప్పటి మెల్‌బోర్న్ ఆర్చ్‌బిషప్ అయిన పెల్, సెయింట్ పాట్రిక్స్ కేథడ్రల్‌లో ఆదివారం పూజ ముగిసిన కాసేపటికే, గురువులు పూజావస్త్రాలు మార్చుకునే గదిలో, గాయకబృందానికి చెందిన పదమూడేళ్ళ బాలురిద్దరిపై దాడి చేశారన్నది ప్రధాన ఆరోపణ. ఆ ఇద్దరిలో ఒకరు 2014లో మరణించారు. తనపై అలాంటిదేమీ జరగలేదని అంతకు చాలా ఏళ్ళ ముందే తల్లికి చెప్పి ఉన్నారు. దాంతో ప్రాసిక్యూషన్ భారమంతా రెండో వ్యక్తి వాంగ్మూలం మీదే పడింది. మొదటి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. రెండో జ్యూరీ 2018 డిసెంబరులో దోషి అంది. ఆరేళ్ళ శిక్ష పడింది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు అప్పీలు కోర్టు 2019 ఆగస్టులో ఇద్దరు ఔనని, ఒకరు కాదని ఆ తీర్పును నిలబెట్టింది. హైకోర్టులో మాత్రం ఏడుగురు న్యాయమూర్తులూ ఒక్క మాటగా శిక్షను రద్దు చేసి, పెల్‌ను నిర్దోషిగా ప్రకటించారు.

ఆ తీర్పు ఫిర్యాదుదారు అబద్ధమాడాడని ఎక్కడా అనలేదు. జ్యూరీ ఆయనను నిజాయితీపరుడిగా, నమ్మదగినవాడిగా భావించిందనే అంగీకరించి, అక్కడి నుంచి విచారణ మొదలుపెట్టింది. పూజ అయ్యాక ఆర్చ్‌బిషప్ పడమటి ద్వారం మెట్ల మీద పది నిమిషాలో, అంతకంటే ఎక్కువసేపో నిలబడి భక్తులను పలకరించేవారని, పూజావస్త్రాలతో ఉన్నంతసేపూ ఆయన పక్కన ఎవరో ఒకరు ఉండేవారని, ఐదారు నిమిషాల మౌన ప్రార్థన ముగియగానే పాత్రలు, కొవ్వొత్తులు సర్దేవాళ్ళు ఆ గదిలోకి వస్తూ పోతూ ఉండేవారని కేథడ్రల్‌లో పనిచేసినవారు సాక్ష్యమిచ్చారు. ఈ మూడు అలవాట్లూ ఒకే రోజున తప్పితేనే ఆరోపించిన ఘటనకు చోటుంటుంది. ఒక్కటి తప్పిందంటే నమ్మవచ్చు; మూడూ కలిసి తప్పాయనడానికి ఇంకా గట్టి ఆధారం కావాలి.

అప్పీలు కోర్టు పొరపాటు ఇక్కడే జరిగింది. ఫిర్యాదుదారును నమ్మాక, ఆ ఘటన జరగడం అసాధ్యమని మిగతా సాక్ష్యం చూపిందా అని మెజారిటీ న్యాయమూర్తులు అడిగారు. జరిగే వీలుంది కదా అని తృప్తిపడ్డారు. కానీ అసాధ్యమని నిరూపించవలసిన బాధ్యత ముద్దాయికి ఎప్పుడూ లేదు. జరగకపోయి ఉండవచ్చన్న సహేతుకమైన సందేహాన్ని తొలగించవలసినది ప్రాసిక్యూషనే. చూడటానికి మాటల తేడాలా కనిపించే ఈ మార్పు, నిరూపణ భారాన్ని చడీచప్పుడు లేకుండా ఒక భుజం మీద నుంచి మరో భుజానికి మార్చేస్తుంది.

ఇంకో సంగతి. అప్పీలు న్యాయమూర్తులు ఫిర్యాదుదారు సాక్ష్యం వీడియోను కూడా చూశారు. ప్రత్యేకంగా కంటితో చూస్తేనే తెలిసే అంశం ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప ఆ పని అవసరం లేదని హైకోర్టు అంది. సాక్షి తీరు చూసి నమ్మడం, నమ్మకపోవడం జ్యూరీ పని, రికార్డు మొత్తాన్ని పరిశీలించి, వివేకంగా ఆలోచించే జ్యూరీకి సందేహం కలిగి ఉండవలసిందా అని తేల్చడం అప్పీలు కోర్టు పని. నా మట్టుకు నాకు ఇది సబబుగానే తోస్తుంది. గొంతు వణకడం, కన్నీరు రావడం, తడబడటం, ఏళ్ళ తరబడి మౌనంగా ఉండిపోవడం నిజమైన బాధితుల్లో కనిపించే లక్షణాలే, కానీ అవి ఏ రోజు ఏ గదిలో ఎవరున్నారో చెప్పలేవు. అదే సమయంలో, ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో బాధితుల మాటను తోసిపుచ్చడానికి ఈ తీర్పులో ఎక్కడా ఆస్కారం లేదు.

తీర్పు వెలువడిన మరునాడే ఫిర్యాదుదారు తన న్యాయవాది ద్వారా ఒక ప్రకటన చేశారు. హైకోర్టు నిర్ణయాన్ని గౌరవిస్తున్నానని, సందేహానికి అతీతంగా నేరం జరిగిందని తేల్చడానికి సాక్ష్యం చాలలేదన్న కోర్టు అభిప్రాయం తనకు అర్థమైందని అందులో చెప్పారు.