డబ్బాలో ఐస్‌క్రీమ్ ఎంత, గాలి ఎంత?

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో డబ్బా మూత టపటపలాడిస్తూ ఐసు బండి వచ్చేది. పాలైసు, సేమ్యా ఐసు, నాలుకంతా ఎర్రగా చేసే పుల్ల ఐసు. అవన్నీ అమృతమని ఇప్పుడు చెప్పుకుంటాం గానీ, నాలుగుసార్లు చప్పరించేసరికి రంగూ తీపీ దిగిపోయి పుల్లకు తెల్లటి గడ్డ మిగిలేది. అందుకని పాతదంతా బంగారమని నేననను.

నా గొడవ వేరు. మొన్న మనవరాలి పుట్టినరోజుకు 700 మిల్లీలీటర్ల డబ్బా తెచ్చాం. చేతికి మరీ తేలిగ్గా తగిలింది. వంటింట్లో కాటా మీద పెడితే డబ్బాతో కలిపి కూడా 400 గ్రాములు తూగలేదు. అదే కొలత నీళ్లయితే 700 గ్రాములు!

మిగతాదంతా గాలి. గాలి బొత్తిగా లేకపోతే చెంచా దిగదు, నిజమే. కానీ లీటరు ఐస్‌క్రీమ్ 525 గ్రాములు తూగితే చాలని మన ఆహార భద్రతా ప్రమాణాలే చెబుతున్నాయి. ఆ లెక్కన మా డబ్బాకు 367 గ్రాములు. అమ్మేది మాత్రం మిల్లీలీటర్లలో!

హైదరాబాదు మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నవారికి తేడా తెలుస్తుంది. పాతకాలం పద్ధతిలో చెక్క పీపాలో ఐసుముక్కలు, ఉప్పు నింపి, మధ్యలో పాలగిన్నె పెట్టి చేత్తో తిప్పేవారు. ఉప్పు పడ్డ ఐసు సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి చల్లబడి పాలను గడ్డకట్టిస్తుంది. చేతి తిప్పుడుకు గాలి అంతగా ఎక్కదు. అందుకే ఒక్క కప్పు తింటే కడుపు నిండేది.

ఇంకో సంగతి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో 'ఫ్రోజెన్ డిజర్ట్' అని ఉంటే అందులో పాలకొవ్వుకు బదులు పామాయిల్ లాంటి నూనె ఉండొచ్చు. మామూలు ఐస్‌క్రీమ్ అనిపించుకోవాలంటే పాలకొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. ఈ తేడా మీద అమూల్ ఇచ్చిన ప్రకటనలపై, అప్పట్లో ఫ్రోజెన్ డిజర్ట్‌లు అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ 2017లో బాంబే హైకోర్టుకు కూడా వెళ్లింది. నూనెది తినకూడదని కాదు, పాలదనుకుని కొనకూడదు.

ఇదంతా ఇంట్లోవాళ్లకు వివరిస్తున్నాను. మనవరాలు కాటా వైపే చూస్తూ, "తాతయ్యా, తూకం అయిపోయిందా? కరిగిపోతోంది!" అంది.