క్లాష్ ఆఫ్ క్లాన్స్: పాతకాపులు ఎందుకు వెళ్లిపోతున్నారు?

[స్క్రీన్ మీద: టౌన్ హాల్ 9 బేస్. రెండు ఆర్చర్ టవర్ల మధ్య ఖాళీ స్థలం దగ్గరికి జూమ్]

క్లాష్ ఆఫ్ క్లాన్స్ అంటే మన ఊరు, అంటే బేస్, కట్టుకుని, ఇంకొకళ్ల ఊళ్ల మీద దాడి చేసే ఫోన్ గేమ్. ఊరి లెవెల్ అందులోని ముఖ్య భవనం టౌన్ హాల్‌ని బట్టే ఉంటుంది. ఈ బేస్‌లో ఇక్కడ చూడండి. రెండు టవర్ల మధ్య నాలుగు గడుల పొడవు, రెండు గడుల వెడల్పు ఖాళీ ఉంది. కొత్తవాళ్లకి అది ఉత్త ఖాళీయే. 2014, 2015లో క్లాన్ వార్లు, అంటే ఆటగాళ్ల జట్ల మధ్య యుద్ధాలు, ఆడినవాళ్లని అడగండి. అక్కడ కంటికి కనపడని రెండు జెయింట్ బాంబులు పక్కపక్కనే ఉండొచ్చని వెంటనే చెప్తారు. పందుల మీద వచ్చే సైనికులు హాగ్ రైడర్లని గుంపుగా అటు వదిలితే అంతా ఒకేసారి పోతారు. అందుకని ముందు ఒకరిద్దరిని పంపి బాంబులు పేల్చేసి, మిగతావాళ్లని ఆ తర్వాత వదిలేవాళ్లు.

ఇలా బేస్ చూసి చదవడం రావాలంటే నెలలు పట్టేది. అది వచ్చినవాళ్లకి క్లాన్‌లో ఒక విలువ ఉండేది. "అన్నా, ఆరో నంబర్ బేస్ ఎలా కొట్టాలి?" అని చాట్‌లో అడిగేవాళ్లు. అన్న చెప్పేవాడు. ఆ అన్నలు ఇప్పుడు ఆటలో ఎందుకు లేరు? ఈ వీడియో దాని గురించే.

ఈ గేమ్‌ని ఫిన్లండ్‌కి చెందిన సూపర్‌సెల్ 2012 ఆగస్టులో ఐఫోన్‌లకి, 2013 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్‌కి తెచ్చింది. ఆండ్రాయిడ్ వచ్చాకే మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఊపందుకుంది. 2014 ఏప్రిల్‌లో క్లాన్ వార్లు వచ్చాయి. ఒక రోజు సిద్ధమవడానికి, ఒక రోజు యుద్ధానికి, ఒక్కొక్కరికి రెండు అటాక్‌లు. అప్పటిదాకా ఎవరి ఊరు వాళ్లు కట్టుకునే ఆట, వార్లతో పదిమంది కలిసి ఆడే ఆట అయింది.

ఎందుకు మానేశావని ఎవరిని అడిగినా "బోర్ కొట్టింది" అంటారు. లేదంటే "డబ్బులు పెట్టేవాళ్లదే రాజ్యం అయిపోయింది" అంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ బోర్ కొట్టే పని ఆ గేమ్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. లూట్ కోసం ఒకే రకం అటాక్ వందలసార్లు చేసిన మనుషులే వీళ్లంతా. అప్పుడు విసుగు రానివాళ్లకి ఇప్పుడెందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

నాకు కనిపించే మొదటి కారణం, వాళ్ల అనుభవానికి విలువ పోవడం. 2015 డిసెంబర్ ముందు చాలామంది టౌన్ హాల్‌ని గోడల బయట పెట్టేవాళ్లు. ఎవరో ఒకరు వచ్చి దాన్ని ఒక్కదాన్నే పడగొట్టి పోతే మనకి కొన్ని గంటలు ఎవరూ దాడి చెయ్యలేని షీల్డ్ వచ్చేది, లోపలున్న లూట్ చాలావరకు మిగిలేది. అందరికీ తెలిసిన కిటుకు అది. ఆ డిసెంబర్‌లో 11వ టౌన్ హాల్‌తో పాటు షీల్డ్ రూల్స్ మారాయి, కిటుకు పోయింది. 2018లో సీజ్ మెషీన్లు, అంటే దాడిలో వాడే యుద్ధ యంత్రాలు, వచ్చాయి. 2023 డిసెంబర్‌లో హీరోలకి, అంటే బార్బేరియన్ కింగ్ లాంటి ప్రత్యేక యోధులకి, ఎక్విప్‌మెంట్ వచ్చింది. దాన్ని పెంచడానికి మళ్లీ వేరే ఓర్లు (ఖనిజాలు) కావాలి. కొత్తదనం కావాలి, కాదనను. కానీ పాత ఆటగాడు ప్రతిసారీ ఎంతోకొంత మొదటికి రావాల్సిందే. ఇరవై ఏళ్ల వయసులో అలా మొదటికి రావడం సరదాగా ఉంటుంది. ముప్పై దాటి, ఉద్యోగం, పిల్లలు ఉన్నప్పుడు అంత ఓపిక ఎక్కడిది?

రెండో కారణం ఎదురుచూపు గురించి. అప్పట్లో బార్బేరియన్ కింగ్‌కీ ఆర్చర్ క్వీన్‌కీ ఒక్కో లెవెల్‌కి వారం దాకా పట్టేది. ఆ వారమంతా హీరో లేకుండానే వార్ ఆడాలి. తర్వాత ఈ టైమ్‌లూ ఖర్చులూ చాలాసార్లు తగ్గించారు. 2022లో ట్రూప్స్ ట్రైనింగ్ ఖర్చు తీసేశారు, 2025 మార్చిలో ట్రైనింగ్ టైమ్ కూడా తీసేశారు. నా ఉద్దేశంలో ఇది సరైన నిర్ణయం. లేకపోతే ఇవాళ మొదలుపెట్టినవాళ్లు పైకి వచ్చేది ఎప్పుడు? అయినా పాతవాళ్ల మనసు చివుక్కుమంటుంది. తాము నెలల తరబడి కాచుకుని సంపాదించిన లెవెల్‌ని ఇంకొకరు సులువుగా అందుకుంటారు. 2014లో టౌన్ హాల్ 10 ఆఖరిది. 2024 నవంబర్‌కి 17 వచ్చింది. "అంతా మ్యాక్స్ చేశాను" అన్న తృప్తి కొన్ని నెలలకి మించి నిలవదు.

[స్క్రీన్ మీద: క్లాన్ మెంబర్ల లిస్ట్. ఒక్కో పేరూ మసకబారుతుంది]

ఇవన్నీ ఉన్నా ఆడేవాళ్లు ఆడుతూనే ఉంటారు, క్లాన్ నిలబడినంత కాలం. క్లాన్ ఎలా కూలుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నా లెక్కలో అసలు కారణం ఇదే.

2018 అక్టోబర్‌లో క్లాన్ వార్ లీగ్ వచ్చింది. ఏడు రోజులు, రోజుకో వార్, ఒక్కొక్కరికి ఒక్క అటాక్. కనీసం 15 మంది ఉండాలన్న రూల్‌తో వచ్చింది. మీ క్లాన్‌లో గట్టిగా ఆడేవాళ్లు 16 మంది అనుకోండి. ఒకరికి పెళ్లి అయింది, ఇంకొకరు పైచదువులకి అమెరికా వెళ్లారు. మిగిలింది 14. లెక్క సరిపెట్టడానికి లీడర్ ఎప్పుడో మానేసినవాడికి ఫోన్ చేసి "పేరు ఉంటే చాలు బ్రో" అంటాడు. వాడు అటాక్ చెయ్యడు. అటాక్‌లకి వచ్చే స్టార్లలో రెండు తక్కువై వార్ పోతుంది. చాట్‌లో గొడవ మొదలవుతుంది. లీగ్ అయ్యాక బోనస్ మెడల్స్ (అదనపు బహుమతి) లీడర్ కొందరికే ఇవ్వగలడు, అక్కడ ఇంకో అలక. తోటివాళ్లకి ట్రూప్స్ డొనేషన్లు ఇచ్చేవాళ్లు కూడా తగ్గుతారు. అడిగిన ట్రూప్స్ గంటలు గడిచినా రావు. బాగా ఆడే ఇద్దరు ముగ్గురు వేరే క్లాన్‌కి వెళ్లిపోతారు. నిజానికి వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకి వార్ కావాలి.

ఇందులో అందరికంటే ముందు అలిసిపోయేది లీడరే. ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి పదకొండింటికి ఎవరి అటాక్ మిగిలిందో చూసి, ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం. ఇది ఆట కాదు, జీతం లేని డ్యూటీ. అతను మానేస్తే లీడర్ పదవి ఎవరో ఒకరికి వెళ్తుంది కానీ ఆ ఓపిక వాళ్లకి రాదు. చాలా క్లాన్‌లు అక్కడితో ఆఖరు.

గేమ్ మీద విసుగుతో వెళ్లినవాళ్లు మంచి అప్‌డేట్ వస్తే ఒకసారి తిరిగొస్తారు. ట్రైనింగ్ టైమ్ తీసేసినప్పుడు అలా పాత అకౌంట్ తెరిచి చూసినవాళ్లు ఉంటారు. కానీ తెరిచాక చాట్‌లో పలకరించేవాళ్లు లేకపోతే రెండు అటాక్‌లు చేసి మూసేస్తారు. కంపెనీ అప్‌డేట్ ఇవ్వగలదు కానీ మీ క్లాన్ వాళ్లని తెచ్చివ్వలేదు.

[స్క్రీన్ మీద: ఫ్రెండ్లీ ఛాలెంజ్ బటన్]

మీరు లీడర్ అయితే ఒక మాట. సంఖ్య పడిపోయాక ముక్కూమొహం తెలియనివాళ్లని పదుల్లో చేర్చుకోకండి. మీలాగే సగం ఖాళీ అయిన ఇంకో తెలుగు క్లాన్‌ని వెతికి, పన్నెండు మంది ఉండగానే కలిసిపోండి, నలుగురు మిగిలేదాకా ఆగొద్దు. లీడర్ పని ఇద్దరు ముగ్గురు కో-లీడర్లు నెలకొకరు చొప్పున పంచుకోండి. ఇక మీ దగ్గర మిగిలిన పాతకాపుకి వార్‌లో అటాక్ చెయ్యలేదని మెసేజ్ పెట్టే బదులు, కొత్తగా వచ్చిన కుర్రాడి బేస్‌ని ఫ్రెండ్లీ ఛాలెంజ్‌లో కొట్టి తప్పులు చెప్పమని అడగండి. దానికి ట్రూప్స్ ఖర్చు లేదు, పోయే స్టార్లూ లేవు. పావుగంట చాలు.