అమ్మ మోకాలికి క్యాబేజీ ఆకు: 10 రోజులు కట్టి చూశాం

నమస్కారమండీ. ఇదిగో, ఈ క్యాబేజీ ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో కొన్నాను. కూరకి కాదు, మా అమ్మ మోకాలికి! సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడుస్తానని పట్టుబట్టి నడిచింది. అప్పటి నుంచీ ఎడమ మోకాలు మెట్లెక్కనివ్వడం లేదు. డాక్టరుగారు చూసి అరుగుదలే అన్నారు.

ఈ ఆకు వైద్యం నేను కనిపెట్టింది కాదు. జర్మనీలో మోకాలి అరుగుదల ఉన్న 81 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి క్యాబేజీ ఆకు, ఇంకో జట్టుకి డైక్లోఫెనాక్ అనే నొప్పి తగ్గించే మందున్న జెల్, మూడోదానికి ఎప్పుడూ వాడే వైద్యమే. 4 వారాలు చూసి 2016లో ఫలితం రాశారు. ఆకు కట్టుకున్నవాళ్లకి మూడో జట్టు కంటే నొప్పి తగ్గింది, జెల్‌ని మాత్రం దాటలేదు. కాకపోతే కాలికి క్యాబేజీ కట్టుకుని అది జెల్ అనుకునేవాళ్లు ఉండరు కదా! ఎవరికి ఏది పెట్టారో అందరికీ తెలుసు. నాకు అనుమానం అక్కడే.

సరే, మన పద్ధతి చూడండి. లోపలి ఆకులు రెండు తీసి, మధ్యలో లావుపాటి ఈనె కోసేసి, చపాతీ కర్రతో ఒత్తాలి. ఆకు మీద చెమ్మ ఊరగానే ఘాటు వాసన వస్తుంది చూశారా? క్యాబేజీ, ఆవాలు ఒకే కుటుంబం. నలిపితేనే ఆ ఘాటు పుడుతుంది, ఆవపెట్టులోలాగే. మోకాలి చుట్టూ పరిచి నూలు గుడ్డతో కట్టాను. మొదటి రోజు టేపు వేస్తే మన వైజాగ్ చెమటకి పావుగంటలో జారి చీలమండ దగ్గరికొచ్చేసింది.

"ఏటిరా ఇది, పప్పులో వెయ్యాల్సింది కాలికి కడతావా?" అంది అమ్మ.

రోజూ 2 గంటలు. విప్పేసరికి ఆకు ఉడికినట్టు వాడిపోయి, గోరువెచ్చగా ఉండేది. 10కి 6 ఉన్న నొప్పి వారానికి 4 అయిందని చెప్పింది. నేను సంబరపడలేదు. చివరి 3 రోజులు ఆకు మానేసి, అదే 2 గంటలు ఉత్త తడిగుడ్డ కట్టాను. అప్పుడూ 4 అనే అంది! ఆకు పనిచేసిందా, చల్లదనమా, 2 గంటలు కాలు చాపుకుని కూర్చోవడమా? ఒక్క మోకాలితో తేలే లెక్క కాదిది.

నా రేటింగ్ 5కి రెండున్నర. ఖర్చు తక్కువే, వాసన భరించాలి. పుండ్లు, దద్దుర్లు ఉన్నచోట కట్టొద్దు, మంట పుడితే వెంటనే తీసెయ్యండి. మోకాలు ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంటే మాత్రం ఆకు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికెళ్లండి.

అమ్మ రేటింగ్ అడిగితే 5కి 5 ఇచ్చింది. ఆ 2 గంటలూ వంటింట్లోకి ఎవరూ పిలవలేదట.