బ్లూస్‌లో డ్రమ్స్ ఏమయ్యాయి?

[తెర మీద: మిసిసిపీ డెల్టా పత్తి చేలు]

ఆఫ్రికా సంగీతం అనగానే మనకు డ్రమ్సే గుర్తొస్తాయి. అమెరికాలో బ్లూస్ అనే పాటల సంగీతాన్ని పుట్టించిన నల్లజాతివాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లే. కానీ మిసిసిపీ డెల్టాలో పుట్టిన డెల్టా బ్లూస్ పాత రికార్డులు పెట్టి చూడండి. చాలావాటిలో ఒక గొంతు, ఒక గిటార్, అంతే. మరి డ్రమ్స్ ఏమైనట్టు?

చాలామంది చెప్పే జవాబు, నిషేధం. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డ్రమ్స్ కొడుతూ తోటివాళ్లను కూడగట్టారు. మరుసటి ఏడాదే అక్కడ డ్రమ్స్, కొమ్ము బూరలు వాడకూడదని చట్టం వచ్చింది. నిజమే కానీ, బ్లూస్ పుట్టింది అక్కడ కాదు, అప్పుడూ కాదు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత, మిసిసిపీ వైపు. కాబట్టి నిషేధం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

[మ్యాప్: సెనెగల్, గాంబియా, మాలి]

గెర్హార్డ్ కుబిక్ అనే పరిశోధకుడు ఇంకో దారి చూపించాడు. బ్లూస్ పోలికలు పశ్చిమ ఆఫ్రికా తీరంలోని డ్రమ్స్ ప్రాంతాల్లో కన్నా లోపలి గడ్డి మైదానాల్లోనే ఎక్కువ అంటాడాయన. అక్కడ పెద్దపీట తీగ వాయిద్యాలది. స్వరాన్ని సాగదీసి, వంచి పాడతారు. మన చెవికి గమకంలా తగులుతుంది.

[క్లోజప్: అకోంటింగ్ వాయిస్తున్న చేయి]

ఇది గాంబియా, సెనెగల్ ప్రాంతపు జోలా రైతుల అకోంటింగ్. సొరకాయ బుర్రకు మేక తోలు బిగించి, కర్ర గుచ్చి, మూడు తీగలు కట్టారు. వేలి గోరుతో తీగను కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో పొట్టి తీగను మీటుతున్నాడు చూడండి. అమెరికా నల్లవాళ్ల తీగ వాయిద్యమైన బాంజోను పాతకాలంలో వాయించింది సరిగ్గా ఇలాగే. ఆ బాంజో తర్వాతే నల్లవాళ్ల చేతుల్లోకి గిటార్ వచ్చింది.

[తెర మీద: మాలిలోని నియాఫుంకే ఊరు]

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మాలి గిటారిస్ట్ అలీ ఫర్కా తూరే గిటార్ వినిపించి, ‘ఇదిగో బ్లూస్ పుట్టిల్లు’ అనే వీడియోలు బోలెడు. ఆయన గొప్ప కళాకారుడే. అమెరికన్ గిటారిస్ట్ రై కూడర్‌తో కలిసి 1994లో చేసిన ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. కానీ తూరే 1960లలోనే అమెరికన్ బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ రికార్డులు విన్నాడు. వినగానే అది మా సంగీతమే అనుకున్నాడట! అంటే ఇప్పటి మాలి గిటార్‌లో అమెరికా కూడా ఉంది. పోలిక పట్టాలంటే ఆ గిటార్ కన్నా అకోంటింగ్‌ను గోరుతో కొట్టే తీరే గట్టి సాక్ష్యం.