లెమాన్ 1969: పాత ఫొటోల్లో 24 గంటల రేసు

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూ కారుది కాదు, ఫొటోలది. 1969 జూన్ 14, 15 తేదీల్లో ఫ్రాన్స్‌లోని లెమాన్‌లో 24 గంటల రేసు జరిగింది. పాత రేసింగ్ ఫొటోలంటే నాకు ప్రాణం. అయినా వాటిలో నేను పదే పదే తీసి చూసుకునేవి ఈ రేసువే.

ముందు స్టార్ట్ చూద్దాం. అప్పట్లో కార్లన్నిటినీ పిట్‌ల (రేసు మధ్యలో కార్లకు ఇంధనం నింపి, రిపేర్లు చేసే చోటు) ముందు ఏటవాలుగా వరసలో పెట్టేవారు. డ్రైవర్లు రోడ్డుకి అవతలి పక్కన నిలబడేవారు. జెండా ఊపగానే ఒక్క పరుగున రోడ్డు దాటి, కారెక్కి దూసుకుపోవాలి. చూసేవాళ్లకు పండగే, కానీ ఆ కంగారులో సీట్‌బెల్ట్ సరిగ్గా పెట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

ఇదిగో, ఇక్కడ కాస్త పాజ్ చేసి చూడండి. అందరూ పరిగెత్తే చోట ఒకతను నింపాదిగా నడుచుకుంటూ వెళ్తున్నాడు. బెల్జియం డ్రైవర్ జాకీ ఇక్స్. అప్పటికి 24 ఏళ్లు. ఈ స్టార్ట్ పద్ధతి ప్రమాదమని చెప్పడానికే అలా నడిచాడు. కారెక్కి, బెల్ట్ బిగించుకుని, అందరికన్నా వెనక బయలుదేరాడు. ఆ మొదటి ల్యాప్‌లోనే పోర్షే 917 నడుపుతున్న జాన్ వుల్ఫ్ ప్రమాదంలో చనిపోయాడు. ఆయన బెల్ట్ పెట్టుకోలేదు. ఆ ప్రమాదం ఫొటోలు ఈ వీడియోలో పెట్టడం లేదు, నాకు మనసొప్పలేదు. ఇక్స్ నడక ఫొటో చాలు. రేసు వీడియోలో అయితే ఆ నడక క్షణాల్లో అయిపోతుంది. ఫొటోలో ఎంతసేపైనా చూడొచ్చు.

తర్వాత ట్రాక్ పక్క నుంచి తీసినవి. కారుతోపాటే కెమెరా తిప్పుతూ క్లిక్ చేస్తే కారు స్పష్టంగా వస్తుంది, వెనకున్న జనం గీతల్లా సాగిపోతారు. ఆటోఫోకస్ లేని రోజులవి. కారు ఎక్కడికి వస్తుందో ముందే అంచనా వేసి అక్కడ ఫోకస్ పెట్టుకోవాలి. రోల్‌కి 36 ఫొటోలే. అందుకే కాస్త మసకగా వచ్చిన ఫొటోలకి నేను మార్కులు తగ్గించను.

ఒక్క అసంతృప్తి మాత్రం ఉంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఇక్స్ ఫోర్డ్ జీటీ40 అందం సగం పోతుంది. లేత నీలం మీద నారింజ చార, ఆ గల్ఫ్ (స్పాన్సర్ చేసిన ఆయిల్ కంపెనీ) రంగుల్ని కలర్ ఫొటోల్లోనే చూడాలి. 1968లో గెలిచిందీ ఇదే కారు!

చివరి గంటలైతే ఒకటే టెన్షన్. 6వ నంబర్ ఫోర్డ్‌లో ఇక్స్, 64వ నంబర్ పోర్షే 908లో హాన్స్ హెర్మాన్. నువ్వా నేనా అన్నట్టు ఒకరినొకరు దాటుకుంటూనే ఉన్నారు. దాదాపు 5,000 కిలోమీటర్లు పరిగెత్తాక తేడా సుమారు 120 మీటర్లు. అందరికన్నా వెనక బయలుదేరిన ఇక్స్, అదే కారును అతనితో వంతులవారీగా నడిపిన జోడీ జాకీ ఆలివర్ గెలిచారు. ఫినిష్ ఫొటో బాగుంటుంది, కాదనను. కానీ నా ఓటు స్టార్ట్ ఫొటోకే.

మీరు వెతికి చూసేటప్పుడు దాని పక్కనే 1970 స్టార్ట్ ఫొటో కూడా పెట్టుకోండి. కార్లు అలాగే ఏటవాలుగా ఉంటాయి, కానీ పరుగులు లేవు. డ్రైవర్లందరూ ముందే కార్లలో కూర్చుని, బెల్టులు పెట్టుకుని ఉన్నారు.