ఆపరేషన్‌కి ముందు నాలుక కింద మాత్రలు ఎందుకు?

అబార్షన్ కోసం ఆస్పత్రికి వెళితే, ఆపరేషన్‌కి ముందు రెండు చిన్న మాత్రలిచ్చి "నాలుక కింద పెట్టుకోమ్మా, నమలొద్దు" అంటారు. పక్కనున్న అత్తగారికి అనుమానం: మాత్రలిచ్చాక మళ్లీ ఆపరేషన్ ఎందుకు? అడగాల్సిన ప్రశ్నే.

(తెర మీద: గర్భసంచి బొమ్మ)

ఆ మాత్ర పేరు మిసోప్రోస్టాల్. ఒక్కోటి 200 మైక్రోగ్రాములు. ఇక్కడ దాని పని ఆపరేషన్‌కి దారి సిద్ధం చేయడం. గర్భసంచి ముఖద్వారం ముక్కు కొనలా గట్టిగా ఉంటుంది. మాత్ర పనిచేశాక మెత్తబడి కొద్దిగా తెరుచుకుంటుంది. డాక్టర్ సన్నటి గొట్టాన్ని బలవంతంగా తోయాల్సిన పని ఉండదు, చిరుగులు పడే ప్రమాదమూ తగ్గుతుంది.

ఇక బ్లీడింగ్. గర్భసంచికి రక్తం తెచ్చే నాళాలు దాని కండరాల మధ్యనుంచే వెళతాయి. కండరం ముడుచుకుంటే నాళాలు నొక్కుకుని రక్తం తగ్గుతుంది. ఆ ముడుచుకోవడాన్నే ఈ మందు ముందుగా మొదలుపెడుతుంది. అలాగని ఇంకో రెండు మింగితే ఇంకా తగ్గుతుందనుకోవద్దు. పెరిగేది కడుపునొప్పి, చలిజ్వరం, విరేచనాలే.

12 వారాల లోపు ఇది అందరికీ తప్పనిసరి కాదు. 12 దాటితే మాత్రం ముఖద్వారాన్ని ముందే మెత్తపరచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

(తెర మీద: పల్లె వెలుగు బస్సు)

ఉదయగిరి నుంచి నెల్లూరికి, కనిగిరి నుంచి ఒంగోలుకి వచ్చేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నాలుక కింద పెట్టే మాత్ర ఆపరేషన్‌కి గంట, రెండు గంటల ముందు వేసేది. డాక్టర్ చెప్పకుండానే, టైం కలిసొస్తుంది కదా అని ఇంట్లోనే వేసుకుని బస్సెక్కితే నొప్పులు, బ్లీడింగ్ దారిలోనే మొదలవ్వొచ్చు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవడం అసలే వద్దు.

ఇంతకుముందు సిజేరియన్ అయిందా, రక్తం తక్కువగా ఉందా, ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, అన్నీ డాక్టర్‌కి ముందే చెప్పండి. ఆ మందులు మీ అంతట మీరు ఆపేయకండి.

అన్నట్టు, 18 నిండిన ఆడమనిషికి తన సంతకం చాలు. చట్టం భర్త సంతకం అడగదు. కొన్నిచోట్ల ఇంకా అడుగుతూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇంటికెళ్లాక కొన్నాళ్లు కొద్దిగా రక్తం కనబడటం మామూలే. గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిసినా, కళ్లు తిరిగినా, తగ్గని జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, అబార్షన్ అయిందని దాచకుండా చెప్పండి.